అమెరికా అంతర్యుద్ధం: బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా?

మీరు అడిగింది ఇదీ: 1861-65 యుద్ధానికి కారణం బానిసత్వమని మీ అబ్బాయి స్కూల్ పుస్తకం చెబుతోంది. అట్లాంటాలో మీ ఆఫీసులో ఉన్న పెద్దాయనేమో అది రాష్ట్రాల హక్కుల కోసం, పన్నుల మీద జరిగిన పోరాటమని అంటున్నాడు. పైగా బానిసలను విడిపించడం తన ఉద్దేశం కాదని లింకనే రాసిన ఉత్తరం మీకు చూపించాడు. ఎవరి మాట నమ్మాలి?

డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు అమెరికా చరిత్ర చెప్పినవాణ్ణి, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పుస్తకం చెప్పిందే కరెక్ట్. అయితే "ఉత్తరాది బానిసత్వాన్ని రద్దు చేయబోయింది, దక్షిణాది తిరగబడింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మాత్రం తప్పవుతుంది. మీ పెద్దాయనకు సందు దొరికేది కూడా అక్కడే. దక్షిణాదిలో అప్పటికే ఉన్న బానిసత్వం జోలికి వస్తామని 1860లో ఏ పెద్ద పార్టీ అనలేదు, లింకన్ కూడా అనలేదు. గొడవంతా బానిసత్వం ఇంకా అడుగుపెట్టని పడమటి భూముల గురించి. అక్కడ లేనిదాని కోసం 6 లక్షల పైచిలుకు మంది చనిపోయేదాకా ఎందుకు వెళ్లారన్నదే అసలు ప్రశ్న.

ముందు డబ్బు సంగతి చూడాలి. 1787లో రాజ్యాంగం రాసినప్పుడు బానిసత్వం మెల్లగా దానంతటదే పోతుందని చాలామంది అనుకున్నారు. రాజ్యాంగంలో బానిస అన్న పదమే వాడలేదు, అయినా బానిసల యజమానులకు కావలసినవన్నీ అందులో పెట్టారు. జనాభా లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా కట్టి ఆ మేరకు దక్షిణాదికి సీట్లు పెంచారు. పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించాలన్నారు. ఆఫ్రికా నుంచి బానిసలను తేవడాన్ని 1808 దాకా నిషేధించకూడదన్నారు. ఆ తర్వాత 1793లో ఎలీ విట్నీ పత్తి జిన్నింగ్ యంత్రం వచ్చింది. గింజ తీయడం సులువు కావడంతో లోపలి ప్రాంతాల్లో పండే పొట్టి పింజ పత్తికి గిరాకీ పుట్టింది, దాంతోపాటే పత్తి ఏరే చేతులకూ పుట్టింది. 1790లో దేశంలో బానిసలు దాదాపు 7 లక్షలు, 1860 నాటికి దాదాపు 40 లక్షలు. అప్పటికి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే.

ఆ 40 లక్షల మందికి మార్కెట్ ధర కడితే 300 కోట్ల డాలర్ల పైమాటే. దేశంలోని రైల్వేలు, ఫ్యాక్టరీలు అన్నీ కలిపినా అంత విలువ లేదు. ఇంకో లెక్క చెబుతాను. 1860లో కేంద్ర ప్రభుత్వం ఏడాది ఖర్చు 6 కోట్ల డాలర్ల చిల్లర. బ్రిటన్ 1833లో 2 కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చి తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని వదిలించుకుంది. "అమెరికా కూడా అలాగే కొనేసి ఉండొచ్చుగా" అని క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. దాదాపు 50 ఏళ్ల బడ్జెట్ మొత్తం ధారపోస్తే గానీ ఆ బేరం తెగేది కాదు. అసలు అమ్మేందుకు వాళ్లు సిద్ధంగా ఉంటే కదా! 1861 చివర్లో లింకన్ చిన్న రాష్ట్రమైన డెలావేర్‌ను పరిహారం పుచ్చుకుని బానిసలను వదిలేయమని అడిగి చూశాడు. అక్కడున్నది 1,800 మంది లోపే. అయినా ఒప్పుకోలేదు.

ఈ లెక్కలన్నీ మనుషుల మీద ఎలా పడ్డాయో చూడాలంటే మీ ఊరికి నాలుగు గంటల దూరంలో ఉన్న సవానాకు వెళ్లండి. 1859 మార్చి 2, 3 తేదీల్లో అక్కడి గుర్రప్పందేల మైదానంలో వేలం జరిగింది. పియర్స్ బట్లర్ అనే ఆసామి అప్పులు తీర్చుకోవడానికి తన బానిసల్లో 436 మంది పేర్లతో కేటలాగ్ అచ్చు వేయించాడు. వేలం ముందు వాళ్లను పందెపు గుర్రాల కొట్టాల్లో ఉంచారు. కొనడానికి వచ్చినవాళ్లు నోళ్లు తెరిపించి చూశారు, కండలు నొక్కి చూశారు, నడిపించి చూశారు. న్యూయార్క్ పత్రిక విలేకరి ఒకతను కొనుగోలుదారుడిలా నటిస్తూ అక్కడంతా తిరిగి రిపోర్టు రాశాడు. అందులో జెఫ్రీ అనే కుర్రాడి సంగతి ఉంది. తనను కొన్న ఆసామి వెంటపడి, తాను ప్రేమించిన డార్కస్‌ను కూడా కొనమని, ఆమె ఎంత బాగా పనిచేస్తుందో చెబుతూ బతిమాలాడు. తన మనసులో మాట చెబితే లాభం లేదని తెలిసి ఆమె రేటు ఎందుకు గిట్టుబాటో వివరించాడు. ఆసామి ముందు సరేనన్నాడు. తీరా చూస్తే డార్కస్‌ను విడిగా అమ్మడం లేదు, ఇంకో కుటుంబంతో కలిపి నలుగురినీ ఒకే లాటుగా పెట్టారు. ఆసామికి నలుగురు అక్కర్లేదు. అంతే. రెండు రోజులూ వాన ఆగలేదు. మొత్తం 3,03,850 డాలర్లు వచ్చాయి. బట్లర్ వెళ్లేముందు ఒక్కొక్కరి చేతిలో ఒక డాలర్ విలువ చేసే కొత్త నాణేలు పెట్టాడు.

ఇలాంటి వేలాలు దక్షిణాదిలో ఊరూరా జరిగేవి. వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత పొగాకు రాష్ట్రాల నుంచి కింది పత్తి రాష్ట్రాలకు 1790-1860 మధ్య దాదాపు 10 లక్షల మందిని తరలించారు. అంటే పత్తి పండించని రాష్ట్రానికీ ఈ వ్యాపారంలో వాటా ఉంది. పడమట కొత్త భూములు తెరుచుకుంటే గిరాకీ పెరుగుతుంది, ఇక్కడ తమ దగ్గరున్న బానిసల ధర కూడా పెరుగుతుంది. ఆ దారి మూసేస్తే మనుషుల రూపంలో ఉన్న ఆస్తి విలువ పడిపోతుంది. ఖాళీ భూముల మీద కొట్లాటకు మొదటి కారణం ఇదే.

రెండోది సెనేట్. జనాభా ఉత్తరాదిలో వేగంగా పెరుగుతోంది కాబట్టి ప్రతినిధుల సభ ఎప్పుడో చేజారింది. సెనేట్‌లో మాత్రం ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే. బానిస రాష్ట్రాలు, స్వేచ్ఛా రాష్ట్రాలు సరిసమానంగా ఉన్నంతకాలం తమకు నచ్చని చట్టాన్ని దక్షిణాది ఆపగలదు. అందుకే 1820లో మిస్సోరిని బానిస రాష్ట్రంగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నప్పుడు జోడుగా మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చారు. 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద గీత గీసి, మిస్సోరి మినహా ఆ పైనున్న భూముల్లో బానిసత్వం ఉండకూడదన్నారు. ఆ సర్దుబాటు ముప్పై ఏళ్లకు పైగా నిలబడింది. 1846-48లో మెక్సికోతో యుద్ధం చేసి కాలిఫోర్నియా దాకా భూమి లాక్కున్నాక మళ్లీ మొదటికొచ్చింది. ఈ కొత్త నేల ఎవరిది?

ఇక రాష్ట్రాల హక్కుల విషయానికి వస్తాను. మీ పెద్దాయనను ఒక్కటే అడగండి: "పారిపోయిన బానిసల చట్టం సంగతేమిటి?" 1850 రాజీలో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమైంది, బదులుగా దక్షిణాది ఈ కేంద్ర చట్టాన్ని పుచ్చుకుంది. బోస్టన్‌లోనో ఒహాయోలోనో ఉన్న నల్లజాతి మనిషిని ఎవరైనా వచ్చి "వీడు నా బానిస" అంటే జూరీ విచారణ లేదు. పట్టుబడినవాడికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. తేల్చేది ఒక కేంద్ర కమిషనర్. బానిసే అని అప్పగిస్తే ఆయనకు 10 డాలర్ల ఫీజు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. అప్పగించాలంటే కాగితాల పని ఎక్కువట, అందుకని ఎక్కువ ఫీజని సమర్థించుకున్నారు! దారిన పోయేవాణ్ణి కూడా ఆ వేటలో సాయం చేయమని పిలవొచ్చు. రాష్ట్ర చట్టాలు, రాష్ట్ర కోర్టులు అడ్డు రాకూడదు. కేంద్రం ఒక రాష్ట్రంలోకి చొరబడి అక్కడి మనుషులను ఎత్తుకెళ్లే అధికారం ఇంతగా ఇచ్చిన చట్టం అంతకుముందు లేదు. దాన్ని పట్టుబట్టి తెచ్చుకున్నది దక్షిణాదే.

1854 మే నెలలో ఆంటొనీ బర్న్స్ అనే యువకుణ్ణి బోస్టన్‌లో పట్టుకున్నారు. వర్జీనియా నుంచి తప్పించుకొచ్చి బట్టల కొట్లో పనిచేసుకుంటున్నాడు. జనం కోర్టు మీద పడ్డారు, ఆ గలాటాలో కాపలావాడు ఒకడు చనిపోయాడు. అయినా ప్రెసిడెంట్ పియర్స్ వెనక్కి తగ్గలేదు, సైన్యాన్ని పెట్టి తీసుకెళ్లమన్నాడు. జూన్ 2న వీధికి రెండు పక్కలా సైనికులు నిలబడి ఉండగా ఆ ఒక్క మనిషినీ ఓడ దాకా నడిపించారు. చూడటానికి 50 వేల మంది వచ్చారంటారు. షాపులకు నల్లగుడ్డలు కట్టారు, వీధికి అడ్డంగా శవపేటిక వేలాడదీశారు. అప్పటిదాకా బానిసత్వం మనకెందుకు, అది వాళ్ల గొడవ అనుకుని తమ మిల్లులకు దక్షిణాది పత్తి కొనుక్కుంటున్న బోస్టన్ పెద్దమనుషులు ఆ వారంలో మారిపోయారు. తర్వాత ఏడాది మసాచుసెట్స్ అసెంబ్లీ ఈ కేంద్ర చట్టానికి కాళ్లు చేతులు కట్టేసేలా సొంత చట్టం చేసింది. విస్కాన్సిన్ సుప్రీంకోర్టు అయితే ఆ కేంద్ర చట్టం చెల్లదనే తీర్పిచ్చింది. రాష్ట్రాల హక్కులంటే ఇవే కదా? దక్షిణాది వీటిని మెచ్చుకోలేదు సరికదా, విడిపోవడానికి కారణాల్లో వీటినే మొదట రాసుకుంది.

బర్న్స్ కోర్టులో ఉన్న ఆ వారంలోనే, మే 30న, కాన్సాస్-నెబ్రాస్కా చట్టం మీద సంతకం పడింది. సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన ఆ చట్టం 1820 నాటి గీతను చెరిపేసింది. బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ స్థిరపడినవాళ్లే ఓటేసి తేల్చుకోవాలంది. వినడానికి బాగానే ఉంది. జరిగిందేమిటంటే మిస్సోరి నుంచి తుపాకులతో వచ్చి దొంగ ఓట్లు వేసి వెళ్లారు, ఉత్తరాది నుంచీ తుపాకులతో వచ్చి స్థిరపడ్డారు. అంతర్యుద్ధం 1861లో మొదలైందని పుస్తకాలు రాసినా కాన్సాస్‌లో అది 1856కే నడుస్తోంది. మే 21న బానిసత్వం కావాలనేవాళ్లు లారెన్స్ పట్టణాన్ని దోచారు. 22న సెనేట్ హాల్లోనే, సౌత్ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ బానిసత్వాన్ని వ్యతిరేకించే మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ను స్పృహ తప్పేదాకా చేతికర్రతో బాదాడు. 24న కాన్సాస్‌లోనే, బానిసత్వాన్ని వ్యతిరేకించే జాన్ బ్రౌన్ ముఠా అవతలి పక్షం వాళ్లు ఐదుగురిని ఇళ్లలోంచి లాక్కొచ్చి నరికింది. ఈ మూడింటిలో దేశాన్ని నిజంగా చీల్చింది రెండోదని నా అభిప్రాయం. కొట్టినందుకు కాదు, కొట్టిన తర్వాత జరిగినదానికి. బ్రూక్స్‌కు దక్షిణాది నుంచి కొత్త చేతికర్రలు కానుకగా వచ్చాయి. రాజీనామా చేస్తే మళ్లీ గెలిపించి పంపారు. అవతలివాడి సెనేటర్ నెత్తురు చూసి పండగ చేసుకుంటే ఇక రాజీ ఎవరితో కుదురుతుంది?

ఈ గందరగోళంలోంచే కొత్తగా రిపబ్లికన్ పార్టీ పుట్టింది. దాని డిమాండ్ ఒక్కటే: కొత్త భూముల్లో బానిసత్వం వద్దు. 1857లో, తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో సుప్రీంకోర్టు ఆ డిమాండే రాజ్యాంగ విరుద్ధమంది. నల్లజాతివారు పౌరులే కారని, కొత్త భూముల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని తీర్పు. తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు బానిస రాష్ట్రాల వాళ్లు. ఆ మాటకొస్తే, 1789 నుంచి 1861 దాకా 72 ఏళ్లలో దాదాపు 50 ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నది బానిసల యజమానులే. కేంద్రం పెత్తనం చేస్తోందని దక్షిణాది అన్నప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఆ కేంద్రాన్ని నడిపింది ఎక్కువగా తామే.

1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ మళ్లీ తేలాడు. వర్జీనియాలో హార్పర్స్ ఫెర్రీ అనే ఊళ్లోని కేంద్ర ప్రభుత్వ ఆయుధాగారాన్ని పట్టుకుని బానిసల తిరుగుబాటు లేపాలని చూసి, దొరికి, ఉరికెక్కాడు. సైనికంగా అది పిల్లచేష్ట. కానీ ఉత్తరాదిలో అతని కోసం చర్చి గంటలు మోగాయన్న వార్త దక్షిణాదిలో ఇంటింటా టెన్షన్ పుట్టించింది. సౌత్ కరోలినాలో జనాభాలో సగానికి పైగా బానిసలే అని మరిచిపోకండి. తమ ఇళ్లలో పనిచేసే మనుషులకు వాళ్లు ఎప్పుడూ లోపల భయపడుతూనే ఉన్నారు.

1860 ఎన్నికల ముందు డెమోక్రాటిక్ పార్టీ చార్ల్స్‌టన్‌లో సమావేశమైంది. అక్కడ దక్షిణాది ప్రతినిధులు వాకౌట్ చేశారు. దేనికో తెలుసా? కొత్త భూముల్లో బానిసత్వాన్ని కేంద్ర ప్రభుత్వమే రక్షించాలని వాళ్లు అడిగితే పార్టీ ఒప్పుకోలేదు. స్థానికుల ఓటుకు వదిలేద్దామన్న డగ్లస్ మాట కూడా వాళ్లకు చాలలేదు. పార్టీ చీలింది. నవంబరులో దక్షిణాదిలో పది రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద పేరే లేని రిపబ్లికన్ అభ్యర్థి లింకన్, దాదాపు 40 శాతం ఓట్లతో గెలిచాడు. ఉత్తరాది ఓట్లతోనే ప్రెసిడెంట్ కావచ్చని తేలిపోయింది. డిసెంబర్ 20న సౌత్ కరోలినా విడిపోయింది. ఫిబ్రవరి 1 కల్లా మొత్తం ఏడు.

ఎందుకు విడిపోయారో ఊహించే పని లేదు, వాళ్లే రాసి పెట్టారు. మిసిసిపీ ప్రకటన తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని మొదట్లోనే చెబుతుంది. సౌత్ కరోలినా ప్రకటన పారిపోయినవాళ్లను ఉత్తరాది అప్పగించడం లేదని వాపోతుంది. న్యూయార్క్ మీద దాని ఫిర్యాదు చూడండి: బానిసను వెంటబెట్టుకుని తమ రాష్ట్రం గుండా వెళ్లనివ్వడం లేదట. ఒక రాష్ట్రం తన నేల మీద తన చట్టం అమలు చేసినందుకు ఈ ఫిర్యాదు. విడిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న కొత్త దేశం, కాన్ఫెడరసీ, దాని రాజ్యాంగమైతే బానిసల మీద ఆస్తి హక్కును దెబ్బతీసే చట్టమే చేయకూడదని రాసుకుంది. దాని ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో, అదే వేలం జరిగిన ఊళ్లో, తమ ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్న సత్యమేనని బాహాటంగా చెప్పాడు.

పన్నుల వాదన దీనికంటే బలహీనం. 1857 నాటి దిగుమతి సుంకాలు అంతకుముందు కొన్ని దశాబ్దాల్లో లేనంత తక్కువ. సుంకాలు పెంచిన మారిల్ బిల్లు 1861 మార్చిలో చట్టమైంది, అదీ దక్షిణాది సెనేటర్లు లేచి వెళ్లిపోయాక. వాళ్లు కూర్చునే ఉంటే అది సెనేట్ దాటేదే కాదు. ఇంకో సంగతి. ఉన్నచోట బానిసత్వాన్ని కేంద్రం ఎన్నటికీ తాకకూడదంటూ ఒక రాజ్యాంగ సవరణను అదే సమయంలో కాంగ్రెస్ ఆమోదించింది. లింకన్ తన తొలి ప్రసంగంలో దానికి అభ్యంతరం లేదన్నాడు. విడిపోయినవాళ్లు అయినా వెనక్కి రాలేదు. ఉన్నది కాపాడుకోవడం వాళ్లకు చాలదు, పెరగాలి. లింకన్ అన్నింటికీ తగ్గాడు గానీ ఆ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. ఏప్రిల్ 12న చార్ల్స్‌టన్ రేవులో కేంద్ర సైన్యం చేతిలో ఉన్న సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి, యుద్ధం మొదలైంది. లింకన్ 75 వేల మందిని సైన్యంలోకి పిలిచాక మరో నాలుగు రాష్ట్రాలు అటు చేరాయి.

బానిసలు లేని మామూలు తెల్ల రైతు ఎందుకు పోరాడాడని కూడా మీ పెద్దాయన అడుగుతాడు. విడిపోయిన రాష్ట్రాల్లో మూడింట ఒక కుటుంబానికి బానిసలున్నారు, మిసిసిపీలో దాదాపు సగం కుటుంబాలకు. లేనివాడు కూడా ఎప్పుడో ఒకరిని కొనాలని చూసేవాడు, కొననివాడికీ తన కింద ఇంకొకడున్నాడన్న తృప్తి ఉండేది. సొంత ఊరి మీదికి సైన్యం వస్తుంటే లేచినవాళ్లూ చాలామందే, అది కాదనను. కానీ మ్యాప్ తీసి చూడండి. బానిసలు అసలే తక్కువగా ఉన్న వర్జీనియా పడమటి కొండ జిల్లాలు విడిపోవడాన్ని వ్యతిరేకించి, 1863లో వెస్ట్ వర్జీనియా పేరుతో యూనియన్‌లో, అంటే లింకన్ పక్షాన పాత దేశంలోనే, ఉండిపోయాయి. తూర్పు టెనెసీదీ అదే మనసు. అందరికంటే ముందు విడిపోయిన సౌత్ కరోలినా, మిసిసిపీల్లో మాత్రం బానిసలే మెజారిటీ.

ఒక పక్క మాట. దక్షిణాది రేవులను యూనియన్ నౌకలు దిగ్బంధించడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి వాళ్లు ఇండియా వైపు తిరిగారు. మద్రాసు ప్రెసిడెన్సీలో, మన నల్లరేగడి జిల్లాలతో సహా, పత్తి ధర అమాంతం లేచింది. యుద్ధం ముగియగానే అంతే వేగంగా కూలింది.

ఇక లింకన్ ఉత్తరం. 1862 ఆగస్టు 22న పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసింది. ఒక్క బానిసనూ విడిపించకుండా యూనియన్‌ను నిలపగలిగితే అలా చేస్తాను, అందరినీ విడిపించి నిలపగలిగితే అలా చేస్తాను అని అందులో నిజంగానే ఉంది. అయితే ఆ ఉత్తరం రాసేనాటికి బానిసల విముక్తి ప్రకటన ముసాయిదా ఆయన డెస్కులో సిద్ధంగా ఉంది. జులై 22నే క్యాబినెట్‌కు చదివి వినిపించాడు. ఓడిపోతున్న వేళ ప్రకటిస్తే దిక్కుతోచక చేసినట్టుంటుంది, ఒక గెలుపు దాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవర్డ్ సలహా ఇచ్చాడు. ఆంటీటమ్ యుద్ధం కాగానే సెప్టెంబర్ 22న ప్రకటించాడు. ఆ ఉత్తరం బానిస రాష్ట్రాలై ఉండీ యూనియన్‌తోనే నిలిచిన కెంటకీ, మేరీలాండ్ లాంటివాటిని ముందుగా సిద్ధం చేయడానికి రాసిందనే నేను చదువుతాను. అప్పటికి లింకన్ యుద్ధ లక్ష్యం యూనియనే, అది నిజం. యూనియన్ ఎందుకు చీలిందన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మీ ఆఫీసు వాదన తెగట్లేదు.

ఆ లక్ష్యాన్ని మార్చిన ఘనత వాషింగ్టన్‌ది మాత్రమే కాదు. 1861 మే 23 రాత్రి వర్జీనియాలో ముగ్గురు బానిసలు, ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్, చిన్న పడవలో యూనియన్ చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. అప్పటిదాకా వాళ్లతో కాన్ఫెడరేట్ ఫిరంగి స్థావరం కట్టిస్తున్నారు. మర్నాడు ఒక కాన్ఫెడరేట్ అధికారి తెల్లజెండాతో వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం తిరిగి ఇమ్మన్నాడు. కోట కమాండర్ బెంజమిన్ బట్లర్ వృత్తికి లాయరు. మీది వేరే దేశమంటున్నారుగా, మా చట్టం మీకెలా వర్తిస్తుందని అడిగి, శత్రువు ఆస్తిగా లెక్కకట్టి వాళ్లను ఉంచేసుకున్నాడు. ఆ కబురు తోటల్లో పాకింది. కొద్ది నెలల్లో వందల మంది వచ్చారు, తర్వాత వేలు. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ యూనిఫాం వేసుకున్నారు.

మరి రాష్ట్రాల హక్కుల కథ ఎక్కడిది? ఎక్కువ భాగం ఓడిపోయాక పుట్టింది. మూలరాయి అని ప్రసంగించిన అదే స్టీఫెన్స్ యుద్ధం తర్వాత రెండు లావాటి సంపుటాలు రాసి, ఇదంతా రాజ్యాంగం మీద తగువేనన్నాడు. కాన్ఫెడరసీకి అధ్యక్షుడిగా పనిచేసిన జెఫర్సన్ డేవిస్ 1881లో బానిసత్వం కారణమే కాదన్నాడు. మీ ఊరి పక్కనే స్టోన్ మౌంటెన్ కొండకు డేవిస్, దక్షిణాది సేనానులు లీ, జాక్సన్ బొమ్మలు చెక్కడం పూర్తయింది 1972లో. మీ పెద్దాయన చిన్నప్పుడు స్కూల్లో విన్నది ఈ కథే అయి ఉంటుంది, అందుకు ఆయన్ని తప్పుపట్టను. వాదన పెట్టుకోకుండా స్టీఫెన్స్ 1861లో చేసిన ప్రసంగాన్నీ, మిసిసిపీ ప్రకటన మొదటి పేజీనీ ప్రింట్ తీసి ఇవ్వండి. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి.